పాత తుపాకుల ధరలు రాసిన సాంబశివరావు

సాంబశివరావు ఏ ప్రశ్నకైనా లేచి నిలబడి జవాబు చెప్పేవాడు. అద్దంకి దగ్గర పల్లెలో, జిల్లా పరిషత్ బడిలో పడిన అలవాటది. మాస్టారు ఒకటడిగితే తెలిసినదంతా చెప్పెయ్యాలి, కడుపులో దాచుకోకూడదు. సింగపూర్ వచ్చాక కూడా మేనేజరు పిలిస్తే కుర్చీ వెనక్కి జరిపి లేచేవాడు. పక్క సీట్లో కూర్చునే జనార్దన్‌ది కరీంనగర్. అతనికి నవ్వాగేది కాదు.

"కూసో అన్నా. గిది ఇస్కూలు కాదు, నువ్వు ఎక్కాలు ఒప్పజెప్తలేవు."

రెండువేల సంవత్సరం మీద పడుతోందని లోకమంతా కంప్యూటర్లను చూసి బెంబేలెత్తుతున్న కాలం. అమీర్‌పేటలో ఆర్నెల్లు కోర్సు చేసినవాళ్ళకి విమానం టిక్కెట్లు వచ్చిపడుతున్నాయి. ఆ ఊపులోనే సాంబశివరావు కూడా భార్య సుమలతనీ, చంకలో పిల్లనీ వెంటబెట్టుకుని వచ్చి బిషాన్‌లో ఒక ఫ్లాట్ అద్దెకి తీసుకున్నాడు. పొద్దున్నే దీపం పెట్టి, నుదుట విభూతి పెట్టుకుని రైలెక్కి, తానా మేరాలో దిగి, బస్సు పట్టుకుని చాంగీ బిజినెస్ పార్కుకి పోయేవాడు. అక్కడ జగన్మోహనరావుగారని మన బెజవాడ ఆయనే నడిపే చిన్న కంపెనీలో ఉద్యోగం.

అతనికి అప్పజెప్పిన పని మాత్రం చిత్రమైనది. అమెరికాలో ఒక ముసలాయన ఉన్నాడు. నూట ముప్పై ఏళ్ళ కిందట వాళ్ళ దేశంలో వాళ్ళలో వాళ్ళు కొట్టుకున్న యుద్ధంలో వాడిన రివాల్వర్లంటే ఆయనకి ప్రాణం. అవి ఇప్పటి తూటాలతో పేలేవి కావు. గిర్రున తిరిగే చక్రంలో గుంటలుంటాయి. ఆ గుంటల్లో ముందు నించి మందు పోసి, సీసపు గుండు కూరి, వెనక ఒక బుల్లి రాగి టోపీ తొడిగి పేల్చాలి. క్యాప్ అండ్ బాల్ అంటారట. అసలు సరుకు మ్యూజియాలకి చేరిపోయాక ఇటలీలో వాటికి అచ్చంగా నకళ్ళు చెయ్యడం మొదలెట్టారు. అమెరికాలో జనం కేటలాగు చూసి, పోస్టులో తెప్పించుకుని గోడకి తగిలించుకునేవారు. ముసలాయన దగ్గర నలభై ఏళ్ళ కేటలాగులు పోగుపడి ఉన్నాయి. ఫలానా నకలు ఫలానా ఏడు కొట్లో ఎంతకమ్మారు అని ఎవరైనా అడిగితే, ఇంటర్నెట్లో టకీమని జవాబు రావాలని ఆయన కోరిక. ఆ పేజీల బొమ్మలన్నీ కంప్యూటర్లో దిగేవి. సాంబశివరావు వాటిని చూసి మోడలూ, ఏడూ, ధరా ఎక్కించి, వెతికితే దొరికేలా ప్రోగ్రాము రాయాలి.

చీమని తొక్కితే నొచ్చుకునే మనిషికి తుపాకుల లెక్క! ఆఫీసులో వేళాకోళం మామూలైపోయింది.

"ఏం అన్నా, ఇయ్యాల రేటెంత నడుస్తాంది?" అనేవాడు జనార్దన్ టీ కప్పు పట్టుకుని.

"ఇత్తడి ఫ్రేముదా, ఉక్కు ఫ్రేముదా?" అని సాంబశివరావు నిజంగానే అడిగేవాడు. "అరవైల్లో చవగ్గానే ఉండేవయ్యా. విడి భాగాలుగా కొనుక్కుని ఇంట్లో బిగించుకుంటే ఇంకా చవక. డెబ్బై అయిదు తర్వాత నించి చూడు, ఏడాదికేడాది ఎగబాకాయి."

"జర్ర తగ్గించరాదే, మా మేనేజర్ కోసం ఒకటి కావాలె."

అందరూ నవ్వేవాళ్ళు. సాంబశివరావూ నవ్వేవాడు. ప్రతి బొమ్మ కిందా కేటలాగు వాళ్ళు ఒకే మాట వేసేవారు, లైసెన్సు అక్కర్లేదు, పోస్టులో నేరుగా మీ ఇంటికే అని. రోజంతా ఆ మాట కళ్ళ ముందు కదిలి కదిలి, కంచం పక్కన నీళ్ళ గ్లాసున్నంత మామూలైపోయింది అతనికి.

అతని మనసంతా ఇంకో చోట ఉండేది. కూతురు అనన్యకి అయిదో ఏడు. పుట్టుకతోనే చెవులు వినపడవు. ఒంగోల్లో డాక్టరు, మాటలు ఆలస్యంగా వస్తాయిలెమ్మని రెండేళ్ళు గడిపేశాడు. ఇక్కడికొచ్చాకే రెండు చెవులకీ మిషన్లు పెట్టించి, వినికిడి లేని పిల్లల బడిలో వేశారు. అక్కడ చియా టీచరని ఒక చీనా అమ్మాయి ఉండేది. ఆమె సుమలతని పక్కన కూర్చోబెట్టుకుని, "మీ ఇంట్లో ఏ మాటలు మాట్లాడుకుంటారో అవి నాకు నేర్పండి. పిల్లకి ముందు అమ్మ మాట రావాలి" అన్నది. పాలు, నీళ్ళు, రా, పో, ఇలాంటివన్నీ పరీక్షకి చదివినట్టు చదువుకున్నది. పిల్ల చేతిని తన గొంతు మీద పెట్టుకుని, "పాళూ" అని సాగదీసి పలికేది. గొంతు అదురు చేతికి తగిలి పిల్ల నవ్వేది. ఎవరి బిడ్డకో, ఎవరి భాషనో అంత ఓపిగ్గా పోసిన ఆ తల్లిని తలుచుకుని సుమలత రోజూ దీపం దగ్గర ఒక పువ్వు ఎక్కువ పెట్టేది.

ఆ ఏడు వేసవిలో అనన్య మొదటిసారి "అమ్మ" అన్నది. తర్వాత "బస్" అన్నది. తర్వాత పదిహేను రోజులకి, ఎవరూ అడక్కుండా, గిన్నె చూపించి "పాలు" అన్నది. ఇప్పుడిక ఆపకూడదు, నేల మెత్తగా ఉన్నప్పుడే విత్తాలి, ఇంకో రెండేళ్ళు కదలకుండా ఉంచండి అని చియా టీచర్ మరీ మరీ చెప్పింది. ఆ రెండేళ్ళూ ఈ దేశంలో ఉండటమే సాంబశివరావు దేవుణ్ణి అడిగిన వరం.

జూన్ నెలలో పని పూర్తయింది. ముసలాయన అమెరికా నించి ఫోన్ చేశాడు. నా నలభై ఏళ్ళ పిచ్చిని నువ్వు ఒక దారికి తెచ్చావు, నా చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి, నేను మొదట కొన్న నకలు నీకు పంపిస్తాను, వద్దనకు అన్నాడు. సాంబశివరావు ఫోను పట్టుకునే లేచి నిలబడ్డాడు. వద్దనడానికి నోరు రాలేదు. పెద్దవాడు, ఆప్యాయంగా ఇస్తానంటున్నాడు. కాదంటే ఆ మనసు ఎంత కష్టపడుతుంది?

"చాలా దయ సార్," అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే సుమలత చెయ్యి కడుక్కుంటూ ఆగింది.

"పిల్ల ఉన్న ఇంట్లో అదెందుకండీ?"

"బొమ్మలాంటిదే సుమా. పేల్చేది కాదు. లైసెన్సు కూడా అక్కర్లేదు. నేనే వెయ్యిసార్లు చదివాను."

"అది వాళ్ళ దేశంలో కదా."

"పోస్టులో వచ్చేదానికి దేశమేంటి?" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మనసులో రవ్వంత అనుమానం కూడా లేదు.

సింగపూర్‌లో అనుమతి లేకుండా తుపాకీ గానీ, తుపాకీలాంటిది గానీ తెప్పించుకోవడం ఎంత పెద్ద నేరమో అక్కడ రోడ్లూడ్చే మనిషికి కూడా తెలుసు. సాంబశివరావుకే తెలియలేదు.

పార్శిల్ విమానాశ్రయంలోనే ఆగిపోయింది. ఒక మధ్యాహ్నం ఇద్దరు ఆఫీసర్లు మామూలు బట్టల్లో ఆఫీసుకొచ్చారు. ఒకాయన నడివయసు మలయ్ మనిషి, ఇంకొకతను కుర్రవాడు, చీనా. మర్యాదగానే పిలిచారు. సాంబశివరావు తన సంచీ భుజాన వేసుకుని వాళ్ళ వెంట నడిచాడు. అందరూ తలలు దించుకుని కీబోర్డులు కొడుతున్నారు.

చిన్న గది. బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో అది ఉంది. ఇన్ని నెలలూ ధరలు ఎక్కించాడే గానీ దాన్ని కంటితో చూడటం అదే మొదలు. బొమ్మలో కన్నా పెద్దది. పిడి దగ్గర చెక్క అరిగి నున్నగా ఉంది, ఎవరో ముద్దుగా నిమిరినట్టు.

"పార్శిల్ మీద నలభై తొమ్మిది డాలర్లని రాసుంది. ఇంత చవకా? విలువ తగ్గించి రాయించావా?" అన్నాడు కుర్రాఫీసరు.

సాంబశివరావు లేచి నిలబడ్డాడు.

"లేద్సార్. అది పంపినాయన కొన్ననాటి, అరవై ఒకటో సంవత్సరం రిటైల్ ధర. ఇత్తడి ఫ్రేము కాబట్టి అంతే ఉండేది. ఉక్కు ఫ్రేమైతే ఇంకో ముప్పై ఎక్కువ. ఎనభైల్లో ఇదే వంద దాకా పోయింది సార్. ఇప్పుడైతే..."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"కూర్చో," అన్నాడు మలయ్ ఆఫీసరు నెమ్మదిగా. "ఎన్నాళ్ళ నించి ఇవి అమ్ముతున్నావు?"

సాంబశివరావు కుర్చీ అంచున కూర్చున్నాడు. సంచీ తెరిచారు. టిఫిన్ డబ్బా, గొడుగు, అనన్య చెవి మిషను బ్యాటరీలు, వాటి కింద కాగితాల కట్ట. మోడలు, ఏడు, ధర. మోడలు, ఏడు, ధర. పేజీల తరబడి అదే.

"ఇవి కొనేవాళ్ళెవరు?"

"ఎవరూ కొనరు సార్. ఇవి పాత ధరలు. అయిపోయిన ధరలు."

"అయిపోయిన ధరలు నీకెందుకు?"

జీవితంలో మొదటిసారి, అడిగినదానికి జవాబు తెలిసి కూడా ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు. నేను అమ్మేవాణ్ణి కాదు, ఎక్కించేవాణ్ణి అని ఎంత చెప్పినా తన మాట తనకే కట్టుకథలా వినపడింది. మా కంపెనీవాళ్ళని అడగండి సార్ అన్నాడు. అడుగుతాం అన్నారు. ఆ సాయంత్రం ఇంటికి పంపలేదు.

అన్నం వేళకి డబ్బా వచ్చింది. మూత తీస్తే కోడి కూర. అతను మూత పెట్టేసి దణ్ణం పెట్టాడు. మలయ్ ఆఫీసరు ఆ విభూతి వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా బయటికి వెళ్ళి, కాసేపటికి రెండు చపాతీలూ పప్పూ పొట్లం కట్టించుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"తిను. నేనూ అన్నీ తినను," అన్నాడు. అంతే. మళ్ళీ ప్రశ్నల్లోకి వెళ్ళిపోయాడు. ఆ పూట ఆ చపాతీ మింగుతుంటేనే సాంబశివరావుకి మొదటిసారి ఏడుపొచ్చింది.

బిషాన్‌లో ఫ్లాట్ సోదా చేశారు. వచ్చినవాళ్ళలో ఒక ఆడ ఆఫీసరు దేవుడి అలమర చూసి బూట్లు విప్పి పక్కన పెట్టి, అప్పుడు వంగి కింద వెతికింది. అనన్య ఆమె చెయ్యి పట్టుకుని, గిన్నె చూపించి "పాలు" అన్నది. ఆమెకి అర్థం కాక సుమలత వైపు చూసింది. సుమలత గోడకి చేరగిలపడి ఉంది. ఎదురింటి చీనా ముసలమ్మ గబగబా వచ్చి పిల్లని ఎత్తుకుంది. "మకాన్ అయిందా, తిన్నావా? లేదా? రా, ఆంటీ దగ్గరికి రా," అంటూ తన ఇంటికి తీసుకుపోయి జావ తాగించింది.

జగన్మోహనరావుగారికి కబురందింది. అది కంపెనీ పని, అమెరికా క్లయింటుతో ఒప్పందం ఉంది అని ఆయన స్వయంగా వెళ్ళి చెబితే ఒక గంటలో తేలిపోయే సంగతి. ఆయన వెళ్ళలేదు. బహుమతి సొంత వ్యవహారం, కంపెనీకి సంబంధం లేదు అని మాత్రం లాయరు చేత చెప్పించాడు. వెళ్ళినవాడు జనార్దన్. ఎవరూ పిలవకుండానే, తన ఉద్యోగం ఏమవుతుందో చూసుకోకుండా, ఆఫీసులో పని తాలూకు కాగితాలన్నీ పట్టుకుపోయి ఆఫీసర్ల ముందు పెట్టాడు.

"సార్, రేటెంత రేటెంత అని రోజూ పరాచికాలాడింది నేనే. మా అన్న దోమను కొట్టడానికి కూడా ఆలోచిస్తడు సార్," అని తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాడట. తర్వాత బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని తలపట్టుకున్నాడట.

వాళ్ళు అమెరికాకి ఫోన్ చేశారు. ముసలాయన మొత్తం తప్పు తనదేనని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పది రోజుల విచారణ తర్వాత, దురుద్దేశం లేదని తేల్చి, గట్టిగా మందలించి, కేసు పెట్టకుండా వదిలేశారు. పాస్‌పోర్టు చేతిలో పెడుతూ మలయ్ ఆఫీసరు అన్నాడు: "నువ్వు మంచివాడివని నాకు మొదటి రోజే అనిపించింది. కానీ అనిపించడం నా పని కాదు."

ఇక గండం గడిచిందనే అనుకున్నారు. సుమలత ముడుపు కట్టింది. సోమవారం సాంబశివరావు ఉతికిన చొక్కా వేసుకుని ఆఫీసుకెళితే జగన్మోహనరావుగారు గదిలోకి పిలిచాడు.

"రావయ్యా సాంబా. కూర్చో... కూర్చోవయ్యా. చూడూ, నీ తప్పేం లేదు. నాకు తెలుసు."

"మీ దయ సార్."

"కానీ ఇక్కడ మన కంపెనీ మీద ముప్పై కుటుంబాలు బతుకుతున్నాయి. వచ్చే నెల అందరి వర్క్ పాసులూ రెన్యువల్‌కి వెళతాయి. పోలీసు మాట పడిన పేరు నా లిస్టులో ఉంటే... నువ్వే ఆలోచించు."

సాంబశివరావు లేచి నిలబడ్డాడు. "సార్, పాపకి బడి... నవంబరులో ఈ ఏటి చదువు అయ్యేదాకా ఉంచండి సార్. జీతం లేకపోయినా సరే. ఇప్పుడిప్పుడే నాలుగు మాటలు వస్తున్నాయి సార్."

జగన్మోహనరావుగారు కిటికీ వైపు తిరిగాడు. ఆయన చెడ్డవాడు కాడు. అంతకు ముందు ఏడాది సాంబశివరావు తండ్రి పోయినప్పుడు సెలవిచ్చి, టిక్కెట్టు కొనిచ్చి పంపినవాడే. కానీ ఆ రోజు ఆయన వెనక్కి తిరగలేదు.

"నన్ను ఇరుకున పెట్టకయ్యా," అన్నాడు.

ఉద్యోగం పోతే పాసూ పోతుంది, పాసు పోతే నెలలో ఊరు విడవాలి. అయినా అది ఉద్యోగాలకి కరువు లేని కాలం. సెరంగూన్‌లో ఒక కంపెనీవాళ్ళు ఇంటర్వ్యూ చేసి అక్కడికక్కడే రమ్మన్నారు. సుమలత ఆ పూట పరమాన్నం వండింది. రెండు రోజుల తర్వాత ఆ కంపెనీవాళ్ళు పాత ఆఫీసుకి ఫోన్ చేసి అడిగారు. జగన్మోహనరావుగారు అబద్ధం చెప్పలేదు. పోలీసు విచారణ జరిగింది, కేసు లేదు అన్నాడు. నిజమే. కానీ ఆ నిజం వెనక, వాడు బంగారం లాంటి మనిషి అన్న ఇంకొక్క మాట ఆయన నోటి నించి రాలేదు. ఆ కంపెనీవాళ్ళు మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. తర్వాత అడిగిన చోట్ల కూడా అదే తంతు.

"పోయి ఆయన కాళ్ళ మీద పడమంటారా, పడతాను," అన్నది సుమలత.

"వద్దు సుమా. ఆయన మాత్రం ఏం చేస్తాడు?"

"ఏం చేస్తాడని మీరే అంటే ఇక అడిగేవాళ్ళెవరండీ? ఆ ముసలాయనకి వద్దని చెప్పలేకపోయారు, ఈయన్ని ఒక మంచి మాట చెప్పమని అడగలేకపోతున్నారు!" అని ఆమె ఒక్కసారిగా గట్టిగా ఏడ్చింది. పెళ్ళయ్యాక ఆమె అతని మీద గొంతెత్తింది అదే మొదలు. పక్కనే ఆడుకుంటున్న అనన్యకి ఏమీ వినపడలేదు. బ్యాటరీ అయిపోయిందని కూడా ఎవరూ గమనించలేదు ఆ పూట.

చియా టీచర్‌కి వెళ్ళి చెప్పారు. ఆమె క్యాలెండర్ తీసి, మిగిలిన రోజులన్నీ బడి వదిలాక సుమలతకి కేటాయించింది. పిల్లకి కాదు, తల్లికి పాఠాలు. అద్దం ముందు ఎలా కూర్చోవాలో, పెదాలు ఎంత నెమ్మదిగా కదపాలో, గొంతు మీద చెయ్యి ఎక్కడ ఆనించాలో, పిల్ల అలిసిపోతే ఎక్కడ ఆపాలో. ఆఖరి రోజున ఒక సంచి నిండా బ్యాటరీలు కట్టిచ్చింది. "ఇవి అయిపోయేలోగా అక్కడ ఒక టీచర్ని వెతకండి. తప్పకుండా వెతకండి," అన్నది. విమానాశ్రయానికి జనార్దన్ వచ్చాడు, ఎదురింటి ముసలమ్మా వచ్చింది. జనార్దన్ ఏదో పరాచికం ఆడబోయి, సగంలో ఆగి, సూట్‌కేసు లాక్కుంటూ ముందుకి నడిచాడు.

ఒంగోల్లో సాంబశివరావు ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటరు పాఠాలు చెప్పడానికి చేరాడు. టీచర్ని వెతికారు. గుంటూరులో ఒకరున్నారంటే పోయారు, ఆవిడ అప్పటికే హైదరాబాదు వెళ్ళిపోయింది. మద్రాసులో ఉన్నారు గానీ, అక్కడ కాపరం పెట్టే శక్తి లేదు. సుమలత రోజూ పొద్దున్నే అద్దం ముందు కూర్చునేది. దేవుడి మీద నమ్మకం వదల్లేదు, తన గొంతు మీది నించి పిల్ల చెయ్యీ తియ్యలేదు. కానీ వేసవి ఉక్కకి మిషన్లలోకి చెమట దిగి రెండూ మూగబోయాయి. బాగుచేయించడానికి మద్రాసు పంపితే వచ్చేసరికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో ముందు "బస్" పోయింది. తర్వాత "పాలు" పోయి, మళ్ళీ గిన్నె చూపించడం ఒక్కటే మిగిలింది.

"అమ్మ" మాత్రం ఉంది. ఏం కావాలన్నా అదే మాట, ఆకలికీ అదే, నిద్రకీ అదే, ఆకాశంలో పిట్టకీ అదే.

సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ నించి రాగానే సాంబశివరావు పిల్లని నడిపించుకుని కర్నూలు రోడ్డు దాకా తీసుకుపోయేవాడు. వెనక లారీలు హారన్ కొట్టుకుంటూ వస్తుంటాయి. అనన్య తల తిప్పదు, తన లోకంలో తాను గెంతుతూ పోతుంది. అతను ఆ పిల్లకి రోడ్డు వైపున నడుస్తాడు, చెయ్యి గట్టిగా పట్టుకుని, ఇద్దరి కోసం తానే వింటూ.